అట్టు తూర్పున మందం

338వ రోజు. గుండు: వలయం నడిమి నుంచి తూర్పుకి వేలెడు.

ఇది మేడ పుస్తకం కాదు, నా సొంత పుస్తకం. మేడ పుస్తకంలో రోజుకి ఒక్క వరుసే రాయాలి, అదీ పొద్దున్నే గాలి లేవకముందు. ఏడాది తిరిగి మేడ పుట్టినరోజు వచ్చేసరికి ఆ పుస్తకానికి పసుపు రాసి సముద్రంలో వదిలేస్తాం. ఏడాది బెంగ ఏడాదితోనే పోవాలని ఇక్కడి ఆచారం. నేను ఇన్నేళ్ళూ రాసినవన్నీ అలాగే చేపల పాలయ్యాయి. నా నోరు మంచిది కాదని మేడంతా అనుకుంటోంది కనుక, ఆ నోటికి వచ్చేవన్నీ ఇక మీద ఇందులో రాసుకుంటాను. దీన్ని ఎవరూ సముద్రంలో వెయ్యక్కర్లేదు.

ఈ పూట అట్టు మళ్ళీ తూర్పు వైపు మందంగా, పడమటి వైపు పల్చగా వచ్చింది. పొయ్యి కాళ్ళ కింద కొబ్బరి చిప్ప ముక్క పెట్టాను. అయినా పిండి తూర్పుకే జారింది. ఈ పొయ్యి నాతో ఎప్పుడూ ఇంతే, మొండిది. తిట్టుకుంటూ తిని, ముప్పై ఎనిమిదో అంతస్తు నుంచి మెట్లు దిగి గుంటకి వెళ్ళాను.

నా పని గుండు చూడడం. మేడ కొస నుంచి అడుగు దాకా నిలువునా ఒక బోలు ఉంది. పైన కొక్కేనికి తీగ కట్టి, తీగ చివర గుమ్మడికాయంత ఇనప గుండు వేలాడదీశారు. గుంటలో గుండు మొన కింద సున్నం కొట్టిన రాతిపలక, పలక మీద జాజుతో గీసిన ఎర్రటి వలయం. మేడ నిటారుగా ఉంటే మొన వలయం నడుమ ఉంటుంది. ఎటు వాలితే మొన అటు జరుగుతుంది. గుంట తలుపు మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది: తొమ్మిది వేళ్ళు దాటితే పైకట్టు ఆపాలి.

ఈ రోజు ఇంకో సంగతి. మా చెల్లెలు సత్యవేణికి గది బిళ్ళ వచ్చింది! అరవై నాలుగో అంతస్తు, సముద్రం వైపు. ఆరేళ్ళుగా మొగుడు నూకరాజుతో, ఇద్దరు పిల్లలతో మేడ కాళ్ళ దగ్గర కట్టేసిన పడవలో పడుంది. మూడు వేల పడవలున్నాయి అక్కడ. బిళ్ళ పట్టుకుని గుంటలోకే పరిగెత్తుకొచ్చేసింది.

"అక్కా, పిల్లలు పడుకుంటే నేల ఊగదంట!" అని నవ్వుతూ ఏడ్చేసింది.

అరవై నాలుగో అంతస్తు ఇంకా కట్టనే లేదు. ఇప్పుడున్నవి అరవై. ఆ మాట నేను అనలేదు. నాకూ అప్పుడప్పుడూ నోరు మూసుకోవడం తెలుసు.

341వ రోజు. గుండు: తూర్పుకి వేలెడు.

పొద్దున్నే నల్లదిబ్బ వాళ్ళ మైకు మొదలైంది. "ఎర్రమెరక సోదరులారా! మా అరవై ఆరో అంతస్తు పోత పూర్తయింది. మీ మేడ మీద ఆరేసిన చీరలు మాకు కింద కనిపిస్తున్నాయి, గాలికి ఎగిరిపోకుండా చూసుకోండి!"

లంకలన్నీ సముద్రం కింద పోయాక మిగిలినవి రెండే మెరకలు, మాదీ వాళ్ళదీ. చెరో నలభై ఎకరాలు. అడ్డంగా పెరగడానికి నీళ్ళే అడ్డం, కాబట్టి ఇద్దరమూ నిలువునా పెరుగుతున్నాం. మూడేళ్ళకోసారి కొండల మీది నీటిసభ వాళ్ళు వచ్చి తలలు లెక్కపెడతారు. పడవల్లో తలలు లెక్కలోకి రావు, గదిలో ఉంటేనే మనిషి. ఎవరి మేడలో ఎక్కువ మంది ఉంటే మంచినీళ్ళ పెద్దగొట్టం వాళ్ళకి, చిన్నగొట్టం రెండో వాళ్ళకి. పోయిన రెండుసార్లూ చిన్నగొట్టం మాదే. ముప్పై ఆరు వేల మందిమి మనిషికి మూడు చెంబులతో బతుకుతున్నాం.

అందుకే మా మేడపెద్ద సూర్యావతి గారు మధ్యాహ్నం మా మైకులో చెప్పారు: మేడ ముప్పై ఒకటో పుట్టినరోజున గుండు పూజ అయిన వెంటనే పైకట్టు మొదలు, ఇంకో పన్నెండు అంతస్తులు, మొత్తం డెబ్భై రెండు. జనం మెట్ల మీద నిలబడి కంచాలు వాయించారు. నేనూ వాయించాను.

సాయంత్రం ధనకోటి మావయ్య గుంటకి వచ్చారు. చుట్టం కాదు, నాకు ఈ పని నేర్పిన గురువు. మేడ పుట్టిన రోజున మొదటి వలయం గీసింది ఆయనే. నలభై నాలుగో అంతస్తు నుంచి మెట్లు దిగి రావడం ఆ వయసులో మాటలా?

"ఏం పిల్లా, గుండేవంటంది?"

"వేలెడు మావయ్యా. తూర్పు గాలికి కొంచెం వెనక్కొచ్చింది గానీ ఆ వేలెడు ఉండిపోయింది."

"అది మేడ కాదే, పైన కొక్కెం. ఓ ఏడు అటు, ఓ ఏడు ఇటు జరుగుతా ఉంటాది. కొక్కెం జరుగుద్ది గానీ మేడ జరగదు. పుట్టినరోజుకి సున్నం కొట్టి, గుండు ఎక్కడుంటే అక్కడ కొత్త వలయం గీసెయ్. సరిపోద్ది."

ఏటా చెప్పే మాటే. ఏటా చేసే పనే.

347వ రోజు. గుండు: తూర్పుకి వేలు మీద పిసరు.

గుంటలో చెమ్మ ఎక్కువైంది. ఊడుస్తుంటే చీపురు తగిలి పలక మీద సున్నం అరచేయంత పెచ్చు లేచింది. కింద ఎర్రగా ఒక వంపు. పాత వలయం తాలూకు ముక్క. ముచ్చటేసింది, ఇంకాస్త చూద్దామని తాపీ తెచ్చి మెల్లగా గీకాను. ఆ వలయం కింది పొరలో ఇంకొకటి, దాని కింద మరొకటి.

మావయ్య చెప్పిన ప్రకారం అవి అటూ ఇటూ కలగాపులగంగా ఉండాలి. అలా లేవు. ప్రతి పాత వలయమూ తర్వాతి దానికి పడమట ఉంది. ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులా వరుసగా పడమటికి పోతున్నాయి.

తలుపు గడియ పెట్టి పొద్దు వాలే దాకా గీకాను. మొత్తం ముప్పై ఒక్క వలయాలు. మొదటిది పలక నడిబొడ్డున ఉంది. దాని నుంచి ఇప్పుడు గుండు మొన ఉన్న చోటికి వేళ్ళు పెట్టి కొలిచాను. నమ్మలేక మళ్ళీ కొలిచాను. మూడోసారి తాడుతో కొలిచాను.

ఇరవై మూడు వేళ్ళు.

పదకొండేళ్ళుగా ప్రతి ఏడూ ఆ మిగిలిన వేలూ పిసరూ తూర్పుకే ఉండిపోయాయి. నేనే రాశాను. రాసి, కొత్త వలయం గీసి, కొత్త పుస్తకంలో సున్నా వేసి, పాత పుస్తకాన్ని సముద్రంలో వదిలాను. ఒసే తాయారూ, నీ తెలివి తెల్లారినట్టే ఉందే!

పలక మీద చాప కప్పి పైకి వచ్చాను. పొయ్యి కాళ్ళ కింద పెట్టిన కొబ్బరి చిప్పను తీసి బయట పారేశాను. పాపం, పొయ్యి తప్పేమీ లేదు.

348వ రోజు. గుండు: మొదటి వలయం నుంచి ఇరవై మూడు.

ఇక మీద ఇలాగే రాస్తాను.

అరవై అంతస్తులూ ఎక్కి కొక్కెం చూశాను. మేడ పెరిగినప్పుడల్లా కొక్కేన్ని కూడా పైకి మారుస్తారు, గోడ నుంచి దాని దూరం కొలిచి కాంక్రీటులో పాతి పక్కనే ఉలితో గీత పెడతారు. కొక్కెం ఆ గీత మీదే ఉంది. వెంట్రుక కూడా జరగలేదు. అరవైకి మార్చినప్పుడు ఆ గీత పెట్టింది ధనకోటి మావయ్యే, పక్కన ఆయన గుర్తు కూడా ఉంది.

ఆయనకి కళ్ళు ఆనక పొరబడ్డారేమో అనుకుంటూ దిగాను. ముప్పై ఎనిమిదిలో నా గది దాకా అదే అనుకున్నాను.

350వ రోజు.

వలయాల్ని మళ్ళీ చూశాను. మొదటి ఇరవై చేత్తో గీసినవి, చివర తోక వదిలి ఉన్నాయి. మావయ్య చెయ్యి అంతే. తర్వాతి పదకొండూ ఒక్కలాగే గుండ్రంగా ఉన్నాయి. అవి నావి. చేత్తో సరిగ్గా రాక ఇత్తడి గ్లాసు బోర్లించి దాని చుట్టూ గీస్తాను. మావయ్య గీసిన చివరి వలయం మొదటి దానికి ఎంత దూరమో కొలిచాను. సరిగ్గా తొమ్మిది వేళ్ళు. ఒక్క గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు.

నలభై నాలుగుకి వెళ్ళాను. గది ఖాళీగా ఉంది. మంచం విప్పేశారు. ఆయన నేల మీద కూర్చుని మూట కడుతున్నారు.

నన్ను చూడగానే "సున్నం తీసేసేవా?" అన్నారు.

"కొక్కెం జరగలేదు మావయ్యా. చూసొచ్చాను."

"తెలుసు."

"ఎప్పట్నించి తెలుసు?"

"మొదట్నించీ తెలుసు. పందొమ్మిదో ఏడు తొమ్మిది వేళ్ళూ నిండిపోయినియ్యి."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే? పడవల్లో పది వేల మంది పైకి సూత్తా కూకున్నారు. కట్టడం ఆపండని ఆళ్ళకి ఏ మొకంతో సెప్పను? రేపు సెప్దాం, ఎల్లుండి సెప్దాం అనుకున్నాను. ఏడాది తిరిగొచ్చేసింది."

"ఏడాది తిరిగాక జాజు గిన్నె నా చేతిలో పెట్టావు."

ఆయన మూటలో ఇంకో పంచె కుక్కారు.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మేడంతా చూస్తుండగా, 'నా చెయ్యి వణుకుతోంది, ఇక వలయం తాయారే గీస్తుంది, నాకు కూతురు లాంటిది' అన్నారు. నేను కాళ్ళకి దణ్ణం పెట్టి ఏడ్చాను. మా అమ్మ పోయాక నన్ను ఎవరైనా కూతురన్నది అదే మొదలు.

"తొమ్మిది దాకా నీ చెయ్యి. తొమ్మిది దాటినవన్నీ నా చెయ్యి. ఎవరైనా గీకితే దొంగ ఎవరో పలకే చెబుతుంది. అందుకేనా మావయ్యా?"

"నీకు బుర్రుందే. నేను ఆనాడే అన్నాను."

మూట ముడి బిగించారు. గట్టి ముడి. చెయ్యి ఇసుమంత కూడా వణకడం లేదు.

"ఎక్కడికి?"

"నల్లదిబ్బ. గుండు సూట్టానికి రమ్మన్నారు, నేల గది ఇత్తన్నారు. మీ అత్తకి మోకాళ్ళు అరిగిపోయినియ్యి. నాకూ ఓసారి మట్టి తొక్కాలనుంది, తాయారూ."

నేల గదిలో ఉన్నవాడికి మేడ ఎటు వాలితే ఏం? తలుపు తీసుకుని బయటికి నడిస్తే చాలు. ఎందరితోనో నోరు పారేసుకున్నదాన్ని, ఆ మాట అనకుండానే మెట్లు దిగి వచ్చేశాను. ఇక మీదట ఇందులో ఆయన అని రాయను. ధనకోటి అని రాస్తాను.

351వ రోజు.

సత్యవేణికి చెప్పాను. ముందు చెల్లెలికే చెప్పాలనిపించింది. పడవలో పిల్లలకి జడలు వేస్తోంది. గది బిళ్ళకి ఎర్రదారం కట్టి మెడలో వేసుకుంది. మొత్తం వింది.

"ఒక్క ఏడాది ఆగక్కా," అంది. "నీటిసభోళ్ళు లెక్కెట్టుకుని ఎల్లిపోయాక సెప్పు."

"ఈలోగా పైన ఇంకో పన్నెండు అంతస్తుల బరువు పడుతుందే."

"ముప్పై ఏళ్ళు పడంది ఈ ఏడే పడిపోద్దా?"

"నువ్వుండేది అరవై నాలుగులో."

"నేనుండేది పడవలో! ఆరేళ్ళయ్యింది. తుఫానొచ్చినప్పుడల్లా పిల్లల్ని తాళ్ళేసి నా నడుముకి కట్టుకుని కూకుంటన్నాను. నువ్వేమో ముప్పై ఎనిమిదిలో కూకుని అట్లు పోసుకుంటన్నావు. నాకు గదొచ్చినాకే నీకు నిజం కనపడిందేటక్కా?"

పిల్ల జడ సగంలో ఆగిపోయింది. చిన్నదాన్ని నేను చంకనేసుకోబోతే సత్యవేణి లాక్కుంది.

360వ రోజు. గుండు: ఇరవై మూడు మీద పిసరు.

ధనకోటి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ సూర్యావతి గారి చెవిలో ఊది మరీ వెళ్ళాడు. పొద్దున్నే పిలిపించారు.

"కూర్చో అమ్మా. పదకొండేళ్ళుగా వలయం తప్పు గీస్తున్నావంటగా? ధనకోటి గారు చెప్పి చాలా బాధపడ్డారు, సరిగ్గా నేర్పలేకపోయానని."

నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది.

"ఏళ్ళ తరబడి కొక్కెం కథ చెప్పింది అతనే అండీ."

"రాసి ఉందా ఎక్కడైనా?"

పుస్తకాలన్నీ సముద్రంలో ఉన్నాయి. ఆవిడకీ తెలుసు.

"చూడు తాయారూ," అని గొంతు తగ్గించారు. "నేను నిన్ను తప్పు పట్టను. పుట్టినరోజున మామూలుగా సున్నం కొట్టు, మామూలుగా గియ్యి. నీ పేరు బయటికి రాదు. నీ చెల్లెలి గదికి నాది పూచీ. కాదంటావా, బరువు తగ్గించడానికి పై పాతిక అంతస్తులు ఖాళీ చెయ్యాలి. పదిహేను వేల మంది. ఎక్కడ పెడతావు వాళ్ళని? నీ గదిలోనా?"

అదీ నిజమే. ఎక్కడ పెడతాం? ఆవిడ అబద్ధమేమీ ఆడలేదు. ఆవిడ కళ్ళ కింద నల్లటి చారలు చూస్తే, ఇది ఆవిడకి కూడా కొత్త సంగతి కాదేమో అనిపించింది. ముప్పై ఆరు వేల మందిలో నిజం తెలియకుండా బతికింది నేనొక్కదాన్నేనా అనుకుంటూ మెట్లు దిగాను.

పుట్టినరోజు.

గుంట చుట్టూ జనం, మెట్ల మీద జనం. పైకట్టు మేస్త్రీలు కొత్త తలగుడ్డలతో నిలబడ్డారు. సత్యవేణి ముందు వరుసలో ఉంది, మెడలో బిళ్ళతో. నావైపు చూసి చేతులు జోడించింది. నాకు దణ్ణం పెట్టడం కాదు, వద్దక్కా అనడం.

సున్నం బకెట్టు తీసుకున్నాను. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేత్తో చాప అంచు. బకెట్టు వదిలేసి చాప లాగేశాను.

"ఇక్కడ మేడ పుట్టింది," అని మొదటి వలయం మీద వేలు పెట్టాను. "గుండు అక్కడుంది. ఇరవై మూడు వేళ్ళు. తలుపు మీద రాసింది తొమ్మిది. ఈ ఇరవై వలయాలూ ధనకోటివి. ఈ పదకొండూ నావి. నా చేత్తోనే గీశాను, తెలివితక్కువగా గీశాను. కావాలంటే మీరూ కొలుచుకోండి."

తలగుడ్డ కట్టుకున్న ముసలి మేస్త్రీ ఒకాయన గుంటలోకి దిగి, వేళ్ళు పెట్టి కొలుచుకుంటూ వెళ్ళాడు. ఇరవై మూడు దగ్గర ఆగి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"మా ఇంట్లో గ్లాసు పెడితే దొర్లిపోతంది," అన్నాడు. "బల్ల మంచిది కాదనుకున్నాను."

అప్పుడు మొదలైంది గోల. నా తలుపు, మా పొయ్యి, మా పిల్లాడి ఉయ్యాల. అందరి ఇళ్ళలోనూ ఉంది వంకర, అందరూ దేనికో దానికి చిప్ప ముక్క పెట్టుకుని సర్దుకున్నారు. సాయంత్రానికి పైకట్టు ఆగింది, నా పనీ పోయింది.

సత్యవేణి గుంటలోకి దిగి బిళ్ళ తెంపి పలక మీద పెట్టింది. "నీ వలయాల్లో ఇదీ ఒకటి ఉంచుకో," అని వెళ్ళిపోయింది.

ముప్పై రెండో ఏడు, 19వ రోజు.

పై అంతస్తుల వాళ్ళు దిగుతున్నారు. సగం మంది కింది గదుల్లో సర్దుకుంటున్నారు, గదికి పదిమంది. నా గదిలో ఎనిమిది మంది. మిగిలిన వాళ్ళు పడవల్లో. నన్ను చూస్తే కొందరు దణ్ణం పెడతారు, కొందరు ఉమ్ముతారు. రెండూ న్యాయంగానే అనిపిస్తున్నాయి.

సత్యవేణి పడవ కట్టుకొయ్య దగ్గర లేదు. పక్క పడవ వాళ్ళు చెప్పారు, నల్లదిబ్బ వాళ్ళు అదను చూసి మైకులో పిలిచారట: గది కావలసినవాళ్ళు రండి, లెక్కకి ముందు వచ్చినవాళ్ళకి పైన సముద్రం వైపు. నాలుగు వందల పడవలు వెళ్ళాయి. వెళ్తున్నానని నాకు చెప్పనైనా చెప్పలేదు. చంకనేసుకుని పెంచినదాన్ని.

41వ రోజు.

కూరగాయల పడవ ఎక్కి నల్లదిబ్బకి వెళ్ళాను. సంచిలో పిల్లలకి కొబ్బరుండలు, అడుగున తాపీ. ఎందుకు పెట్టానంటే చెప్పలేను. ధనకోటి ఉన్న చోటికి ఉత్త చేతులతో వెళ్ళబుద్ధి కాలేదు.

అరవై ఏడో అంతస్తు. సత్యవేణి తలుపు తీసి, మొహం చిట్లించి, తర్వాత ఉండబట్టలేక కావలించుకుంది. గది బాగుంది. పిల్లలు నేల మీద పడుకుని ఉన్నారు, ఊగని నేల. కొబ్బరుండలు వాళ్ళ తలల దగ్గర పెట్టాను.

"కూకో, అట్టు పోత్తాను," అంది. పెనం మీద పిండి వేసి గరిటెతో తిప్పింది. "పొయ్యి కొత్తది కదా, ఇంకా కుదురుకోలేదు. పిండంతా ఓ పక్కకి ఎల్లిపోతంది."

అట్టు నా కంచంలో పడింది. కిటికీ వైపు మందంగా, తలుపు వైపు పల్చగా.

"నీకో మాట సెప్పాలి, కోప్పడకు," అంది ఇంకో గరిటె పిండి తీస్తూ. "ఎల్లుండి ఇక్కడి మేడ పుట్టినరోజు. ధనకోటి మావయ్యకి చెయ్యి వణుకుతోందంట. నన్నే వలయం గియ్యమన్నాడు. అందరి ముందూ జాజు గిన్నె నా చేతిలో ఎట్టి, కూతురు లాంటిదన్నాడక్కా." కళ్ళు తుడుచుకుంది. "ఇక్కడ అడుగున రాయంట. మన మెరక లాగ కాదంట. ఇక్కడ కొక్కెమే జరుగుద్దంట, మేడ జరగదంట."

పిల్లలకేసి చూశాను. చిన్నది నిద్రలో గోడ వైపు దొర్లింది.

"గుంట తాళం నీ దగ్గరుందా?"

"నడుముకే ఉంది. ఏం?"

సంచి అడుగు నుంచి తాపీ తీసి నా కంచం పక్కన పెట్టాను. అంచుకి ఇంకా మా మెరక సున్నం అంటుకుని ఉంది. సత్యవేణి దాన్ని చూసింది, నన్ను చూసింది. తర్వాత చెయ్యి చాపి నా కంచంలో అట్టుని వేలితో నొక్కింది, ముందు కిటికీ వైపు, తర్వాత తలుపు వైపు.

పొయ్యి ఆర్పేసి తాళం చెవి తీసింది.